మైఖేల్ వెళ్లిపోయాక ‘ది ఆఫీస్’ చూడాలా, ఆపేయాలా?

గత నెల అక్క ఫోన్ చేసి, “మైఖేల్ వెళ్లిపోయాడురా, ఎయిర్‌పోర్టులో ఆ మైకు కూడా తీసిచ్చేసి వెళ్లిపోయాడు, ఇక నాకు చూడబుద్ధి కావట్లేదు, మిగతాది చూడమంటావా మానేయమంటావా” అని అడిగింది. ‘ది ఆఫీస్’ అమెరికన్ కామెడీ షో, స్క్రాంటన్ అనే ఊళ్లో కాగితం అమ్మే కంపెనీ బ్రాంచి మీద ఎవరో డాక్యుమెంటరీ తీస్తున్నట్టు నడుస్తుంది, మైఖేల్ ఆ బ్రాంచి మేనేజర్. అక్క గుంటూరులో టీచరు. బావ ఉద్యోగం హైదరాబాద్‌లో, శనివారం వస్తాడు, సోమవారం తెల్లవారుజామున వెళ్లిపోతాడు. పిల్లలిద్దరూ పడుకున్నాక రాత్రి ఒక ఎపిసోడ్, మరీ నిద్ర రాకపోతే రెండు, అలా ఆరు నెలల నుంచి చూస్తోంది. తనకున్న టైమే అంత, కాబట్టి ఏదో ఒకటి చెప్పేసి ఊరుకోవడం నాకు నచ్చలేదు.

ఈ ప్రశ్న ఎవరిని అడిగినా రెండే సమాధానాలు వస్తాయి. “అక్కడితో ఆపేయ్, తర్వాత అంతా చెత్త” అని కొందరు, “ఓపిక పట్టు, ఫినాలే కోసమైనా చూడాలి” అని కొందరు. రెండింట్లోనూ నిజం ఉంది, కానీ ఎవరికి ఏది సరిపోతుందో మాత్రం ఎవరూ చెప్పరు. మైఖేల్ లేని ఎనిమిది, తొమ్మిది సీజన్లు నేను మూడుసార్లు చూశాను, మొదటిసారి కోపంతో, తర్వాత ప్రేమతో. కథ చెప్పకుండా ఇందులో ఏదీ తేల్చలేం కాబట్టి ఆ రెండు సీజన్ల గురించి ముందే ఏమీ తెలియకూడదు అనుకునేవాళ్లు అవి చూసేశాక మళ్లీ రండి.

ముందు లెక్క. అమెరికన్ ‘ది ఆఫీస్’ ఎన్‌బీసీలో 2005 మార్చి 24న మొదలై 2013 మే 16న ముగిసింది. మొత్తం 9 సీజన్లు, 201 ఎపిసోడ్లు. మైఖేల్ స్కాట్‌గా చేసిన స్టీవ్ కారెల్ ఏడో సీజన్ చివర్లో, 2011 ఏప్రిల్ 28న వచ్చిన ‘గుడ్‌బై, మైఖేల్’తో వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ సీజన్లో మిగిలినవి కొన్ని, ఎనిమిదో సీజన్లో 24, తొమ్మిదిలో 25. ఒక్కో ఎపిసోడ్ దాదాపు 22 నిమిషాలు వేసుకుంటే ఇంకా 18, 20 గంటల షో ఉంది. రాత్రికి ఒకటి చూసేవాళ్లకు ఇది రెండు నెలలకు దగ్గర.

ఈ 20 గంటలతో నాలుగు పనులు చేయొచ్చు. మైఖేల్‌తో పాటే ఆపేయొచ్చు, అన్నీ వరసగా చూడొచ్చు, ఎనిమిది వదిలేసి తొమ్మిదికి దూకొచ్చు, లేదా ఎనిమిదిలో మంచివి ఏరుకుని తొమ్మిది మొత్తం చూడొచ్చు. నా ఓటు నాలుగోదానికి. ఎందుకో చెబుతాను, కానీ మొదటిది తప్పని మాత్రం అనను.

దేంతో పోల్చాలి

అందరం చేసే తప్పు ఒకటుంది. ఎనిమిదో సీజన్ పెట్టుకుని రెండో సీజన్‌తో పోలుస్తాం. రెండో సీజన్లో జిమ్ పక్క డెస్కులో కూర్చుని ఇంకొకరితో పెళ్లి కుదిరిన పామ్‌ని చూస్తుంటాడు, ఆ చూపు మీదే సీజన్ మొత్తం నడుస్తుంది. వాళ్లకు పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక ఆ చూపు మళ్లీ ఎక్కడి నుంచి తెస్తారు? ఒకసారి జవాబు దొరికిన ప్రశ్నను ఏ రచయితా మళ్లీ అదే టెన్షన్‌తో అడగలేడు.

ఎన్ని జోకులు పేలాయని లెక్కపెట్టడం వల్ల కూడా ఏమీ తేలదు. మంచి సీజన్లలోనూ పేలనివి బోలెడు. నేను చూసేది ఒక్కటే. ఈ సీజన్లో ఎవరికైనా ఏదైనా గట్టిగా కావాలా? కావాల్సినది అంత తేలిగ్గా దొరకకుండా ఉందా? సిట్‌కామ్‌లో నవ్వు అక్కడి నుంచే పుడుతుంది. మైఖేల్‌కి జనం కావాలి, తనని ఇష్టపడే జనం, ఒక కుటుంబం. కాగితం అమ్మే బ్రాంచి ఆఫీసులో కుటుంబం కోసం వెతుక్కునే మనిషి అతను, వాళ్లేమో సాయంత్రం అయిదు ఎప్పుడవుతుందా అని చూసేవాళ్లు. ఏడు సీజన్లు నవ్వించింది అదే. చివరికి హాలీ దొరికింది, ఆమెతో కొలరాడో వెళ్లిపోయాడు. అంటే షోని నడిపించిన కోరిక తీరిపోయింది, మనిషి కూడా వెళ్లిపోయాడు.

మనవాళ్లకు ఇది ‘అమృతం’ ద్వారా బాగా అర్థమవుతుంది. జెమినీలో 2001 నుంచి 2007 దాకా 300 పైచిలుకు ఎపిసోడ్లు వచ్చిన ఆ సీరియల్లో అమృతం పాత్రను శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురు వేశారు. మొదట్లో కొత్త ముఖం చూసి ఇబ్బంది పడ్డాం, నాలుగైదు వారాలకు అలవాటైపోయింది. పక్కన గుండు హనుమంతరావు ఆంజనేయులుగా అలాగే ఉన్నాడు, అమృత విలాస్ అలాగే ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా ఎలాగైనా నాలుగు డబ్బులు వెనకేయాలన్న అమృతం ఆశ అలాగే ఉంది. అక్కడ నటుడు మారాడు, కోరిక ఉండిపోయింది. ‘ది ఆఫీస్’లో రెండూ ఒకే విమానం ఎక్కాయి.

ఎనిమిదో సీజన్

ఖాళీ అయిన కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలన్నది ఏడో సీజన్ చివర్లోనే మొదలవుతుంది. విల్ ఫెరెల్ కొన్నాళ్లు ఉంటాడు, ఇంటర్వ్యూలకు జిమ్ క్యారీ, రే రొమానో, విల్ ఆర్నెట్ వరసగా వస్తారు. పేర్లు పెద్దవే, చూస్తుంటే సరదాగానే ఉంటుంది, కానీ అతిథులు ఇల్లు నడపరు. ఆ మధ్యలో, మైఖేల్ కింద పనిచేసిన సేల్స్‌మన్ డ్వైట్ తాత్కాలికంగా మేనేజర్ అయి ఆఫీసులో తుపాకీ పేల్చే ఎపిసోడ్ మాత్రం తప్పకుండా చూడండి, తొమ్మిదో సీజన్ చివర్లో డ్వైట్‌ని చూసినప్పుడు అది గుర్తొస్తుంది.

చివరికి అదే ఆఫీసులో పనిచేసే ఆండీ మేనేజర్ అయ్యాడు, పైన సీఈవోగా జేమ్స్ స్పేడర్ వేసిన రాబర్ట్ కాలిఫోర్నియా. మేనేజర్ ఉద్యోగానికి వచ్చిన మనిషి తనను తీసుకున్న యజమానురాలితోనే మాట్లాడి ఆమె ఉద్యోగం తాను తీసేసుకున్నాడని మొదటి ఎపిసోడ్ ‘ది లిస్ట్’లో చెబుతారు, స్పేడర్‌ని చూస్తే అది నమ్మబుద్ధి కూడా అవుతుంది. తగ్గు గొంతుతో, కన్ను ఆర్పకుండా, ఎదుటివాడికి వణుకు పుట్టేలా మాట్లాడతాడు. ‘ది లిస్ట్’ నా దృష్టిలో ఈ షోలోని మంచి ఎపిసోడ్లలో ఒకటి. కానీ రాబర్ట్‌కి ఎవరి నుంచీ ఏమీ అక్కర్లేదు. అతని తమాషా అంతా అదే, అతని లోపం కూడా అదే. ఏమీ అక్కర్లేని మనిషి ఒక సీన్‌లో అదరగొడతాడు, 24 ఎపిసోడ్లు మొయ్యలేడు.

ఆండీకి కావాల్సింది ఉంది, అందరూ తనని మెచ్చుకోవాలి. అది మైఖేల్ వదిలేసి వెళ్లిన చొక్కా. ఆండీగా వేసిన ఎడ్ హెల్మ్స్ మంచి నటుడు, పాడతాడు, ముఖం నిండా దిగులు చూపించగలడు, అయినా ఆ చొక్కా అతనికి వదులే. సేల్స్ పెరిగితే పిరుదు మీద పచ్చబొట్టు పొడిపించుకుంటానని మాటిచ్చి నిలబెట్టుకునే ‘ది ఇన్సెంటివ్’ ఒక్కదాంట్లో మాత్రం అతను తనలాగే ఉంటాడు, అందుకే అది నిలబడింది.

ఫ్లోరిడా ఎపిసోడ్లు. వాళ్ల కాగితం కంపెనీని కొనుక్కున్న సేబర్ స్టోర్ పెట్టే ప్రాజెక్టు కోసం డ్వైట్, జిమ్, ఇంకొందరు టాలహాసీ వెళ్తారు. ఈ భాగం బాగుండదనే మాట చాలా చోట్ల వింటాం, నేను ఒప్పుకోను. డ్వైట్‌కి వైస్ ప్రెసిడెంట్ పదవి కావాలి, పొట్టలో అపెండిక్స్ పాడై నొప్పితో మెలికలు తిరుగుతూ కూడా మీటింగులో నిలబడతాడు, అంత కావాలి. అక్కడ కావాల్సినవాడు ఉన్నాడు కాబట్టి కథ కదులుతుంది. ‘లాస్ట్ డే ఇన్ ఫ్లోరిడా’లో ఆ పదవి తీసుకున్నవాడి ఉద్యోగం ఊడుతుందని జిమ్‌కి తెలిసి, డ్వైట్‌ని ఆ గదిలోకి పోనివ్వకుండా కలబడి కింద పడేస్తాడు. ఎనిమిది సీజన్లుగా ఏడిపించిన మనిషిని కాపాడటానికి చేసిన కుస్తీ అది. ఎనిమిదిని పూర్తిగా దాటేసి వెళ్లేవాళ్లు ఇది పోగొట్టుకుంటారు, తర్వాత సీజన్లో వాళ్లిద్దరి స్నేహం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా పోతుంది.

ఆ వెంటనే, ఫ్లోరిడా ప్రాజెక్టు నడిపిన నెల్లీ స్క్రాంటన్ వచ్చి, ఆండీ ఊళ్లో లేని సమయం చూసి మేనేజర్ కుర్చీలో కూర్చుంటుంది, అందరూ చూస్తూ ఊరుకుంటారు. నెల్లీగా వేసిన కేథరిన్ టేట్ చాలా సమర్థురాలు, తప్పు ఆమెది కాదు. అంతమంది పెద్దవాళ్లు ఒక్కరూ నోరు మెదపకపోవడం నమ్మేలా లేదు. అక్కడి నుంచి సీజన్ చివరిదాకా నాకు బరువుగా గడిచింది. నా ఏరివేత ఇది: ‘ది లిస్ట్’, ‘ది ఇన్సెంటివ్’, ‘ట్రివియా’, ‘పూల్ పార్టీ’, ఫ్లోరిడా అన్నీ, ఆ తర్వాత నేరుగా చివరి ఎపిసోడ్.

తొమ్మిదో సీజన్

మొదట పామ్‌కి చెప్పకుండా జిమ్ ఫిలడెల్ఫియాలో స్నేహితులతో కలిసి క్రీడల మార్కెటింగ్ కంపెనీలో చేరతాడు. స్క్రాంటన్ నుంచి అది దాదాపు 200 కిలోమీటర్లు. వారంలో కొన్ని రోజులు అక్కడ, కొన్ని రోజులు ఇక్కడ. అతనికి ఎన్నాళ్లుగానో కావాల్సిన పని అది, కాగితం అమ్మడం అతని జీవితం కాదని మనకు మొదటి సీజన్ నుంచే తెలుసు. పామ్‌కి కావాల్సింది ఇంట్లో మనిషి. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరిదీ న్యాయమే, అయినా రెండూ ఒకేసారి కుదరవు. షో మొదలైనప్పుడు ఉన్నంత బలమైన ప్రశ్న ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ దొరికింది, అది కూడా పాతదాన్ని తిరగతోడకుండా. షోని మొదట తయారు చేసిన గ్రెగ్ డేనియల్స్ ఈ సీజన్‌కి మళ్లీ పగ్గాలు పట్టడం, ఇదే ఆఖరు సీజన్ అని ముందే తెలియడం, ఈ రెండూ రాతలో కనిపిస్తాయి.

‘కస్టమర్ లాయల్టీ’ గురించి రాయకుండా ఉండలేను. పాప డాన్స్ వీడియో సరిగ్గా రికార్డు కాలేదని జిమ్, పామ్ ఫోన్‌లో మాట్లాడుకుంటారు. చిన్న విషయం. గొంతు కొంచెం పెరుగుతుంది, ఇద్దరూ అలిసిపోయి ఉంటారు, ఫోన్ పెట్టేస్తారు. పామ్ ఏడుస్తుంది. అప్పుడు ఎనిమిదేళ్లుగా కెమెరా వెనకే ఉండి మనం ఎన్నడూ చూడని మనిషి, మైకు పట్టుకునే బ్రయన్, ముందుకొచ్చి ఓదారుస్తాడు. అది చూసి నేను లేచి నిలబడిపోయాను. ఇన్నాళ్లూ వాళ్ల జీవితాలు చూస్తున్నది మనం ఒక్కళ్లమే కాదని తెలిసిన క్షణం అది. ఆ తర్వాత బ్రయన్ కథను ఎటు తీసుకెళ్లాలో తెలియక మధ్యలో వదిలేశారు, దాని మీద జనానికి వచ్చిన కోపం న్యాయమైనదే, కానీ ఆ కోపంలో ఈ సీన్‌ని కూడా కొట్టిపారేయొద్దు.

ఈ సీజన్లో చెడ్డవి కూడా ఎనిమిదో సీజన్ కంటే చెడ్డగా ఉంటాయి, అది ముందే చెప్పాలి. ‘హ్యాంగోవర్’ మూడో సినిమా షూటింగ్ కోసం ఎడ్ హెల్మ్స్ వెళ్లాల్సి వచ్చింది, దాంతో ఆండీని పడవెక్కించి నెలల పాటు పంపేశారు. తిరిగొచ్చాక అతను తన ప్రియురాలు ఎరిన్‌తో ప్రవర్తించే తీరు చూస్తే మనం అంతకుముందు ఇష్టపడిన మనిషేనా అనిపిస్తుంది. ఒక పాత్రను అలా చిన్నబుచ్చడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ‘ది ఫార్మ్’ అనే ఎపిసోడ్ డ్వైట్ పొలం మీద వేరే షో మొదలుపెడదామని తీసింది, ఎన్‌బీసీ ఆ షో వద్దంది, అది ఇందులో మిగిలిపోయింది. దాన్ని వదిలేసినా ఏమీ నష్టం లేదు. మిండీ కేలింగ్ వేసిన కెల్లీ కపూర్ కూడా మొదటి ఎపిసోడ్‌లోనే వెళ్లిపోతుంది, ఆమె నటే కాదు, షోకి మంచి ఎపిసోడ్లు రాసిన రచయిత్రి కూడా, ఆ లోటు తెలుస్తుంది.

అయినా ‘పేపర్ ఎయిర్‌ప్లేన్’ నుంచి చివరిదాకా పట్టు సడలదు. ఆ ఎపిసోడ్ చివర పార్కింగ్ దగ్గర జిమ్, పామ్ కౌగిలించుకునే సీన్‌లో మొదట ఒకరి చేతులే ఉంటాయి, రెండో మనిషి చేతులు లేవడానికి సమయం పడుతుంది. దాని తర్వాత ‘లివింగ్ ద డ్రీమ్’లో డ్వైట్ మేనేజర్ అవుతాడు. మొదటి ఎపిసోడ్ నుంచీ ‘అసిస్టెంట్ రీజనల్ మేనేజర్’ అని తనకు తాను చెప్పుకుంటే, ‘రీజనల్ మేనేజర్‌కి అసిస్టెంట్’ అని మైఖేల్ దిద్దుతుండేవాడు గుర్తుందా? ఆ దిద్దుబాటు ఇక ఎవరూ చేయక్కర్లేదు. మైఖేల్‌తో ఆపేసినవాళ్లకు దక్కనిది ఇదే, డ్వైట్ కోరిక తీరడం. ఫినాలేలో డ్వైట్ పెళ్లికి మైఖేల్ వస్తాడు, కొద్దిసేపే ఉంటాడు, రెండు మాటలు మాట్లాడతాడు. ఎక్కువసేపు ఉండి ఉంటే ఆ రోజు అతనిదైపోయేది, పెళ్లి డ్వైట్‌ది కదా.

వేరే షోల సంగతి

ఇదే గీటురాయి మీద మిగతావి కూడా పెట్టి చూశాను, కొన్ని చోట్ల పనిచేస్తుంది.

‘ఫ్రెండ్స్’ తొమ్మిది, పది సీజన్ల మధ్య టైమ్ ఒక్కదానికే ఉంటే పది చూడండి, 18 ఎపిసోడ్లే. తొమ్మిదిలో జోయి, రేచల్ మధ్య ప్రేమ పెట్టాలని చూశారు, అది రచయితలకు కావాల్సినట్టు ఉంటుంది తప్ప వాళ్లిద్దరికీ కావాల్సినట్టు ఉండదు, పదో సీజన్ మొదట్లోనే వాళ్లే వద్దనుకుంటారు కూడా. మోనికా, చాండ్లర్‌కి బిడ్డ కావాలన్నది మాత్రం నిజమైన కోరిక, పదో సీజన్‌ని అదే నిలబెట్టింది. రాస్ బాధనంతా దాచుకుని బాగానే ఉన్నానంటూ ఫహీటాలు వండే ఎపిసోడ్ పదేళ్ల షో మొత్తంలో నాకు బాగా నచ్చినవాటిలో ఒకటి.

‘హౌ ఐ మెట్ యువర్ మదర్’ తొమ్మిదో సీజన్ సంగతి వేరు. దాదాపు సీజన్ అంతా ఒక్క పెళ్లి వారాంతం, సాగదీతే. కానీ క్రిస్టిన్ మిలియోటి తల్లి పాత్రలోకి వచ్చాక ఆమె ఉన్న ప్రతి సీన్ వెలుగుతుంది, షో 200వ ఎపిసోడ్ పూర్తిగా ఆమె వైపు నుంచి చెప్పిన కథ, అది మాత్రం వదలొద్దు. ముగింపు ఎందుకు చెడిందంటే, పిల్లల చివరి సీన్‌ని రెండో సీజన్ నాడే తీసి దాచుకున్నారు. వాళ్లు ఆ రోజు అనుకున్న కోరిక ఒకటి, ఏడేళ్లలో పాత్రలు ఎదిగి కోరుకున్నది ఇంకొకటి. డీవీడీలో వేరే ముగింపు ఇచ్చారు, నన్నడిగితే అది చూడండి.

‘స్క్రబ్స్’ అయితే ఎనిమిదో సీజన్‌తో ఆపేయండి, దాంట్లో నాకు ఏ సందేహమూ లేదు. హీరో జేడీ ఆసుపత్రి కారిడార్‌లో నడుచుకుంటూ వెళ్లే ఆ చివరి ఎపిసోడ్ ముగింపే. తొమ్మిదిలో 13 ఎపిసోడ్లున్నాయి, కొత్త విద్యార్థులతో కొత్త షో లాంటిది, జేడీ కొన్నిట్లోనే కనిపిస్తాడు.

‘సైన్‌ఫెల్డ్’ దగ్గర నా గీటురాయి పనిచేయదని ఒప్పుకుంటాను. జెర్రీ సైన్‌ఫెల్డ్‌తో కలిసి షోని సృష్టించిన రచయిత ల్యారీ డేవిడ్ ఏడో సీజన్ తర్వాత వెళ్లిపోయి, మళ్లీ ఫినాలే రాయడానికి వచ్చాడు. ఎనిమిది, తొమ్మిది సీజన్లను జెర్రీ సైన్‌ఫెల్డ్ నడిపాడు. షోలోని నలుగురు స్నేహితులకూ ఎప్పుడూ పెద్ద కోరికలు లేవు, షో ఆనందం అంతా అందులోనే ఉంది. అందుకే రచయిత మారినా వేగం పెరిగింది, వింతలు పెరిగాయి, షో పడిపోలేదు. ఆ నలుగురిలో ఒకరైన ఎలైన్ డాన్స్ ఎనిమిదో సీజన్లోదే. ఇండియాలో జరిగే పెళ్లిని వెనక నుంచి ముందుకు చెప్పిన ఎపిసోడ్ తొమ్మిదిలోది. ఆ రెండు సీజన్లూ పూర్తిగా చూడండి.

మరి ‘ది ఆఫీస్’లో మీరు ఎవరి కోసం కూర్చున్నారు?

మైఖేల్ కోసమే అయితే ‘గుడ్‌బై, మైఖేల్’తో ఆపేయండి, మనసులో ఏ వెలితీ పెట్టుకోనక్కర్లేదు. అది ముగింపులాగే రాశారు, ఇంకో రెండు సీజన్లు చూసినా అతని కథకు కలిసేది కాసేపే. డ్వైట్ కోసం అయితే పైన ఇచ్చిన ఎనిమిది ఏరివేత, తర్వాత తొమ్మిది. జిమ్, పామ్ కోసం అయితే ఎనిమిదిలో ఒక్క ఫ్లోరిడా చూసినా చాలు, తొమ్మిది మాత్రం ‘ది ఫార్మ్’ తప్ప అన్నీ చూడండి, వరస తప్పకుండా. వెనకాల ఏదో ఒకటి నడుస్తూ ఉండాలి, అన్నం తింటూ చూడాలి అంటే అన్నీ వరసగా పెట్టుకోండి, ఎనిమిదో సీజన్ కూడా అలా చూసేవాళ్లకు ఇబ్బంది పెట్టదు. తొమ్మిదో సీజన్ని మాత్రం అలా పెట్టుకోకండి, ఫోన్ పక్కన పెట్టి చూడాల్సినది అది.

అక్క మూడోరకం. ఫ్లోరిడా చూసి, నేను చెప్పకపోయినా చివరి ఎపిసోడ్ కూడా చూసి తొమ్మిదిలోకి వెళ్లింది. మొన్న బుధవారం రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసింది, ‘కస్టమర్ లాయల్టీ’ ఇప్పుడే అయిందిరా అంది. జిమ్ గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. బావ గుంటూరులో ఏదైనా ఉద్యోగం చూసుకుంటే ఎలా ఉంటుంది, లేదా తనే హైదరాబాద్‌లో స్కూళ్లకు అప్లై చేస్తే ఎలా ఉంటుంది అని అరగంట మాట్లాడింది.